అత్తయ్యా, ఇదేం పిచ్చి?

కొత్తగా చదివేవాళ్ల కోసం రెండు ముక్కలు. 1989 నుంచి 2006 దాకా గుంటూరు బ్రాడీపేటలో మా ఆయనా నేనూ అద్దె పుస్తకాల షాపు నడిపాం. చందమామ, బాలమిత్ర, బొమ్మరిల్లు, ఇంగ్లిష్ కామిక్సు, డిటెక్టివ్ నవలలు. కేబుల్ టీవీ ఒక దెబ్బ, సెల్‌ఫోను ఇంకో దెబ్బ కొట్టాక షాపు మూసేశాం. ఏం తోచక మా అన్నయ్య కూతురి పక్కన కూర్చుని అనిమే, అంటే జపాన్‌వాళ్ల బొమ్మల సీరియళ్లు, చూడటం మొదలుపెట్టాను. నాకిప్పుడు యాభై ఎనిమిది, దానికి ఇరవై ఒకటి. అది నన్ను పిలిచే పిలుపే ఈ శీర్షికకు పేరైంది. ఉత్తరాలు రాసినవాళ్ల పేర్లు వేయను, ఊళ్లు మాత్రం వేస్తాను.

ఏలూరు నుంచి ఒక తండ్రి: మా అమ్మాయి ఇంటర్ సెకండియర్. గది గోడల నిండా జపాన్ బొమ్మలు. కంచం ముందు చేతులు జోడించి ఏదో అంటుంది. మొన్న నన్ను ‘ఒతోసాన్’ అని పిలిచింది. పరీక్షల ముందు ఈ పిచ్చి మాన్పించేదెలా?

ముందు ఊపిరి పీల్చుకోండి. ఒతోసాన్ అంటే నాన్నగారు. ‘డాడ్’ అని పిలిస్తే ఊరుకునేవారు కదా, దీనికీ ఊరుకోండి. కంచం ముందు అనేది ‘ఇతదకిమాస్’. పెట్టినవాళ్లకు దణ్ణం పెట్టి పుచ్చుకుంటున్నాను అని. మనవాళ్లు తిన్నాక ‘అన్నదాతా సుఖీభవ’ అంటారు, వాళ్లు తినకముందే అనేస్తారు. తేడా అంతే.

ఇంకో సంగతి చెప్తాను. జపనీస్ భాష నడక మన తెలుగు నడకలాగే ఉంటుంది. ‘వతాషి వ గోహన్ ఓ తబేమాస్’ అంటే ‘నేను అన్నం తింటాను’. క్రియ చివర్లోనే. మనం పేరు వెనక ని, కు, లో తగిలించినట్టు వాళ్లూ పేరు వెనకే తగిలిస్తారు. ఇంగ్లిష్ నేర్చుకునేటప్పుడు మనం తలకిందులుగా ఆలోచించాలి, ఇక్కడ ఆ బాధ లేదు. గోహన్ అంటే అన్నం అని తెలిశాక, ‘డ్రాగన్ బాల్’లో గోకూ కొడుకు పేరు గోహన్ అని గుర్తొచ్చి నేనొక్కదాన్నే వంటింట్లో నవ్వుకున్నాను. జేఎల్‌పీటీ అని జపనీస్ పరీక్ష ఒకటుంది. జులైలో, డిసెంబరులో పెడతారు. ఎన్5 మొదటి మెట్టు, ఎన్1 చివరిది. ఇంటర్ అయ్యాక ఆ మొదటి మెట్టు ఎక్కుతావా అని అడిగి చూడండి. నిజంగా ఇష్టమైతే కళ్లు పెద్దవి చేసుకుని మీ వైపు చూస్తుంది.

మాన్పించే సంగతి. నా పదో తరగతి పరీక్షల ముందు మా నాన్న నా చందమామల కట్ట తూకానికి వేసేశాడు. పరీక్ష పాసయ్యాను. ఆయన మీద కోపం మాత్రం ఆయన పోయేదాకా పోలేదు. ఆ కోపంతోనే షాపు పెట్టానని మా ఆయన అంటాడు. పోస్టర్లు గోడ మీదే ఉండనివ్వండి. గోడ చదువుకు అడ్డం రాదు, అడ్డమొచ్చేది చేతిలో ఫోను. ఒక ఎపిసోడ్ ఇరవై నాలుగు నిమిషాలు. రాత్రి భోంచేసేటప్పుడు ఒక్కటి, మీరూ పక్కన కూర్చుని చూడండి. అయిపోగానే ఫోను మీ దిండు కింద. ‘వన్ పీస్’తో మాత్రం మొదలుపెట్టకండి. 1999లో మొదలైన సీరియల్, పదకొండు వందల ఎపిసోడ్లు దాటింది. అమ్మాయి ఇంటర్ సంగతి దేవుడెరుగు, మీరు రిటైరవుతారు.

నిజామాబాద్, ఇంజినీరింగ్ థర్డియర్ అబ్బాయి: ఈసారి హైదరాబాద్ కామిక్ కాన్‌కు (కామిక్సు, అనిమే అభిమానుల మేళా) కాస్‌ప్లే చేసుకుని, అంటే నచ్చిన పాత్ర వేషంలో, వెళ్దామని నేనూ నా ఫ్రెండూ ప్లాన్. బడ్జెట్ రెండు వేలు. థర్మకోల్‌తో కత్తి, భుజకవచం చేశాం. అతికిద్దామని జిగురు రాయగానే కరిగి గుంటలు పడింది. ఏం చేయాలి? ఇంట్లో ‘వేషాలేస్తున్నావా’ అని తిట్లు.

తిట్టనివ్వు నాయనా, వేషాలే కదా వేస్తున్నది. తిరుపతి గంగ జాతరకు వెళ్తే ఊరంతా వేషాలే. బైరాగి వేషం, బండ వేషం, మాతంగి వేషం అంటూ రోజుకొకటి కడతారు, మగవాళ్లు చీరలు కట్టుకుని మొక్కు తీర్చుకుంటారు. దసరాకు పులివేషాలు. మా చిన్నప్పుడు పగటి వేషగాళ్లు ఇంటి ముందుకొచ్చి సగం మగ, సగం ఆడ వేషంతో నిలబడేవాళ్లు. స్టేజీ నాటకం కంటే పగటి వేషం కష్టం. తెర లేదు, లైట్లు లేవు, చూసేవాడు రెండడుగుల దూరంలో మిట్టమధ్యాహ్నం వెలుతురులో నిలబడి తేరిపార చూస్తాడు. కాస్‌ప్లేకూ అదే పరీక్ష. 1980ల మొదట్లో జపాన్ పత్రికలవాళ్లు ‘కాస్ట్యూమ్’నూ ‘ప్లే’నూ కలిపి ఆ మాట పుట్టించారు. పని మాత్రం మన వీధిదే.

ఇక థర్మకోల్. నువ్వు రాసింది షూ రిపేరుకు వాడే పసుపు రంగు జిగురు అయ్యుంటుంది. అందులోని సాల్వెంటు థర్మకోల్‌ను తినేస్తుంది. స్ప్రే పెయింటు కొట్టినా అదే గతి. థర్మకోల్‌తోనే చేయాలంటే తెల్ల ఫెవికాల్ తప్ప ఇంకేదీ రాయకు. కానీ నా మాట విని దాన్ని వదిలెయ్. చిన్నపిల్లల గదుల్లో పరిచే రంగురంగుల చాపలుంటాయి చూడు, ఒకదానికొకటి తగిలించే పళ్లున్నవి. అదే ఫోమ్. కవచానికి ఆ మందం సరిపోతుంది, మీద అంచులకు, పువ్వులకు పల్చటి షీటు కావాలి. బేగంబజార్‌లోనో కోఠీలోనో అడుగు, దొరుకుతుంది.

కొయ్యడానికి పేపర్ కట్టర్ చాలు, కానీ బ్లేడు కొత్తదై ఉండాలి. మొద్దుబారిన బ్లేడు ఫోమ్‌ను కొయ్యదు, చింపుతుంది. మేం ఒక భుజానికే మూడు బ్లేడ్లు మార్చాం. నీ దగ్గరున్న ఆ పసుపు జిగురు ఫోమ్‌కు బ్రహ్మాండంగా పనికొస్తుంది. రెండు వైపులా రాసి, ఒక పది నిమిషాలు ఆగి, ముట్టుకుంటే వేలికి అంటీ అంటనట్టు ఉన్నప్పుడు నొక్కు. ఒక్కసారి అంటుకుంటే మళ్లీ రాదు, కాబట్టి ముందే గీత పెట్టుకో. వంపు రావాలంటే హీట్ గన్ వేడి చూపించి మోకాలి మీద పెట్టి వంచు. ఎలక్ట్రికల్ పనిచేసే అన్న ఎవరినైనా అడిగితే అరువిస్తాడు. ఆ వేడికి ఫోమ్ పైనున్న చిన్న చిల్లులు కూడా మూసుకుంటాయి. తర్వాత ఫెవికాల్‌లో నీళ్లు కలిపి మూడు నాలుగు పూతలు, ఆరాక యాక్రిలిక్ రంగు. ఈ పూతలు మానేస్తే రంగంతా ఫోమ్ తాగేసి నీ కవచం గోడకు పిడక కొట్టినట్టు కనిపిస్తుంది. కత్తి లోపల కరెంటు వైర్లు వేసే ప్లాస్టిక్ పైపు పెట్టు. ఇనప ముక్క పెడితే గేటు దగ్గర చెకింగ్‌లో పక్కన పడేస్తారు.

మా అనుభవం కూడా విను. రెండేళ్ల కింద మా మేనకోడలు ‘డీమన్ స్లేయర్’లో తంజిరో వేషం వేస్తానంది. ఆ పిల్లాడు వేసుకునే హావొరి ఉంటుంది, గుండీల్లేని వదులు కోటు, ఆకుపచ్చ నలుపు గళ్లు. చదరంగం పలకలాంటి గళ్లన్నమాట, అడ్డగీతల లుంగీ గళ్లు కావు. బజారంతా తిరిగినా దొరకలేదు. చివరికి ఆకుపచ్చ పాప్లిన్ మూడు మీటర్లు తెచ్చి, అట్టకు రెండంగుళాల చదరం కోసి, దాన్ని గుడ్డ మీద పెట్టి నల్ల ఫ్యాబ్రిక్ పెయింటు అద్దుతూ మూడు రాత్రులు కూర్చున్నాం. నాలుగో రోజు మా వీధి చివరి టైలర్ దగ్గరికి పట్టుకెళ్లా.

“లుంగీ గుడ్డ తెచ్చి కోటు కుట్టమంటారేంటమ్మా?” అన్నాడాయన.

“లుంగీ కాదు బాబూ. గుండీలొద్దు, కాలరొద్దు, చేతులు మాత్రం ఇంత వెడల్పు.”

“అంటే నైటీ మీద వేసుకునేదా?”

నేను నోరు తెరిచేలోపు లోపల కాజాలు కుడుతున్న ఆయన కొడుకు తలెత్తి, “నాన్నా, అది తంజిరో హావొరి!” అని అరిచాడు. ఆ తర్వాత కొలతలు, చేతుల వెడల్పు, పొడవు అన్నీ ఆ పిల్లాడే చూసుకున్నాడు. కూలిలో యాభై తగ్గింది. ఇంకో ముచ్చట. ఆ గళ్ల డిజైన్ తమదేనని తంజిరో కథను అచ్చేసిన కంపెనీ ట్రేడ్‌మార్క్ అడిగితే, 2021లో జపాన్ పేటెంట్ ఆఫీసు కుదరదంది. అది అక్కడ తరతరాల నుంచి అందరూ వాడుకుంటున్న గళ్లేనట. కాబట్టి నువ్వూ ధైర్యంగా అద్దుకో.

మిగతావి చకచకా. కవచాన్ని ఎండలో ఆటో వెనక పెట్టకు. మేం పెడితే జిగురు మెత్తబడి ఎడమ భుజం ఊడొచ్చింది, రోజంతా పిన్నీసుల మీద నడిచింది. మేళా జరిగే హైటెక్స్‌లో నడక బాగా ఉంటుంది, చెప్పులు పాతవే వేసుకో. వేషంలో ఫోనుకు, టికెట్టుకు జేబు కుట్టించుకో, అందరూ మరిచిపోయేది అదే. వేషం వేసుకున్న అమ్మాయి కనిపిస్తే అడక్కుండా ఫొటో తీయకు. అడిగితే దాదాపు అందరూ ఆగి, నీక్కావాల్సిన పోజే పెడతారు.

వరంగల్, డిగ్రీ అమ్మాయి: నేను అనిమే తెలుగు డబ్బింగ్‌లో చూస్తాను. ఫ్రెండ్స్ ‘ఛీ, సబ్ చూడు, డబ్ చూసేది నిజమైన ఫ్యాన్ కాదు’ అంటారు. నిజమేనా అక్కా?

అక్కా అన్నందుకు నీకు రెండు మార్కులు ఎక్కువ.

నిజం కాదు. పైగా ఒక్క విషయంలో తెలుగు డబ్బింగే సబ్‌టైటిల్ కంటే మూలానికి దగ్గర. జపాన్ చెల్లెలు అన్నను ‘ఒనీచాన్’ అంటుంది. ఇంగ్లిష్ సబ్‌టైటిల్‌లో చాలాసార్లు పేరు పెట్టి పిలిచేస్తుంది. ఇంగ్లిష్‌లో అన్నను అలాగే పిలుస్తారు, వాళ్ల తప్పేం లేదు. తెలుగులో హాయిగా ‘అన్నయ్యా’ అంటుంది. ఒక్క మాటలో ఆ ఇంటి వాతావరణం వచ్చేస్తుంది. వయసులో పెద్దవాళ్లకు గారూ మీరూ, తోటివాడికి రా, పోరా, ఇవన్నీ జపనీస్‌లోనూ వాళ్ల పద్ధతిలో ఉన్నాయి. ఇంగ్లిష్ ఈ మెట్లన్నీ చదును చేసేస్తుంది.

లోపాలు లేవనను. కొన్ని డబ్బింగుల్లో విలన్ మాట్లాడితే పాత సినిమాలో జమీందారు గుర్తొస్తాడు. ఇంకొన్నింటిలో పదహారేళ్ల కుర్రాడు వార్తలు చదివినట్టు మాట్లాడతాడు. అయినా ‘సోలో లెవలింగ్’ లాంటివి తెలుగులో వస్తాయని పదేళ్ల కింద ఎవరైనా అంటే నమ్మేదాన్ని కాదు. 2025 సెప్టెంబరులో ‘డీమన్ స్లేయర్: ఇన్ఫినిటీ కాసిల్’ తెలుగులో థియేటర్లకొచ్చినప్పుడు మేం ఇద్దరం పొద్దున ఆటకే వెళ్లాం. నా పక్క సీట్లో ఆరో తరగతి పిల్లాడు, వాడి పక్కన వాళ్ల తాత. తాతకు కథ అర్థం కాక పిల్లాణ్ని అడుగుతూనే ఉన్నాడు, పిల్లాడు చెప్తూనే ఉన్నాడు. సబ్‌టైటిల్స్ అయితే ఆ తాత ఇంట్లోనే ఉండేవాడు. మీ ఫ్రెండ్స్‌కు ఈ సంగతి చెప్పు. వాళ్లు వినకపోతే సబ్‌లో కూడా ఒకసారి చూసేయ్, ఆ గొంతులూ గొప్పగా ఉంటాయి.

చీరాల, తొమ్మిదో తరగతి: ‘నరుటో’ గొప్పా, ‘వన్ పీస్’ గొప్పా? మా క్లాసులో కొట్టుకుంటున్నాం.

మా షాపు ముందు ఇద్దరు హీరోల అభిమానులు ఇదే ప్రశ్న మీద కొట్టుకుని నా అద్దం పగలగొట్టారు. డబ్బులు ఇప్పటికీ ఇవ్వలేదు. నీ ప్రశ్నకు జవాబు: బొమ్మల పుస్తకాల లెక్క చెప్తాను, టీవీది కాదు. నరుటో 1999లో మొదలై 2014లో ఏడు వందల అధ్యాయాలతో ముగిసింది. వన్ పీస్ 1997లో మొదలై ఇంకా నడుస్తోంది. అయిపోయిన భోజనాన్నీ, ఇంకా వడ్డిస్తున్న భోజనాన్నీ పోల్చేదెలా? విస్తరి ఎత్తాక రండి.

రాజమండ్రి నుంచి ఒక పెద్దాయన: చందమామ చదివి పెరిగిన తరం మాది. ఈ గుడ్లగూబ కళ్ల బొమ్మల్లో ఏముందమ్మా? మన కథలు మన పిల్లలకు పట్టవు, జపాన్‌వాళ్లవి నెత్తిన పెట్టుకుంటారు. ఇదేం పిచ్చి?

బాబాయి గారూ, తోలుబొమ్మలాటలో సీతమ్మ కళ్లు గుర్తున్నాయా? నిమ్మలకుంటలో చేసిన బొమ్మ ఒకటి మా ఇంట్లో ఉంది. ముఖంలో సగం కన్నే. రాత్రిపూట దీపం వెలుగులో, దూరంగా కూర్చున్నవాడికి బొమ్మ మనసు తెలియాలంటే కన్ను పెద్దగా ఉండాలి. జపాన్‌లో బొమ్మల కథలు గీసిన ఒసాము తెజుకా కూడా పెద్ద కళ్లే పెట్టాడు, డిస్నీ బొమ్మలంటే ప్రాణం ఆయనకి. 1963లో ఆయన ‘ఆస్ట్రో బాయ్’ను వారం వారం టీవీకి తెచ్చేటప్పుడు డబ్బు తక్కువ, టైము తక్కువ. అందుకని బొమ్మ మొత్తం కదపకుండా నోరు ఒక్కటే కదిపి, కన్ను ఒక్కటే ఆర్పి, వెనక చిత్రాన్ని జరిపి కథ నడిపారు. కదలని బొమ్మతో ఉత్కంఠ తెప్పించడం చందమామ శంకర్ గారికి తెలిసిన విద్యే కదా. ఆయన గీసిన బేతాళ కథ బొమ్మ ఒక్క పేజీలో నిలబడి ఉన్నా, చెట్టు ఊగుతున్నట్టే ఉండేది. అదే తెజుకా 1970ల్లో బుద్ధుడి కథను పెద్ద కామిక్‌గా గీశాడు. మన అమరావతి శిల్పాల్లో ఉన్న కథే కదండీ అది.

మన కథలు జపాన్‌వాళ్లకు పట్టలేదని అనుకోకండి. యుగో సాకో అనే జపాన్ ఆయన మన యానిమేటర్ రామ్ మోహన్ లాంటి వాళ్లతో కలిసి రామాయణాన్ని 1990ల మొదట్లో బొమ్మల సినిమాగా తీశాడు. 2025 జనవరిలో అది తెలుగు మాటలతో మన థియేటర్లలోకి వచ్చింది. మా పక్కింటి మనవరాలు చూసొచ్చి, కుంభకర్ణుడు నిద్ర లేచే ఘట్టం మూడుసార్లు ఆడి చూపించింది.

ఇక అటు నుంచి చూడండి. ‘బాహుబలి’ రెండో భాగం జపాన్‌లో ఆడినప్పుడు అక్కడ అరుపుల ఆటలని పెట్టారు. థియేటర్‌లో కేకలెయ్యొచ్చు, వేషాలు కట్టుకుని రావొచ్చు, గంటలు గజ్జెలు మోగించొచ్చు. మామూలుగా సినిమా హాల్లో దగ్గు కూడా ఆపుకునే జనం! మన సి క్లాస్ సెంటర్ మర్యాద వాళ్లకు అంత నచ్చింది. ‘ఆర్ఆర్ఆర్’ 2022 అక్టోబరులో అక్కడ విడుదలై, రజనీకాంత్ ‘ముత్తు’ పేరు మీదున్న దాదాపు పాతికేళ్ల వసూళ్ల రికార్డు దాటింది. 2024 జనవరిలో తకరజుకా అనే నాటక సంస్థ దాన్ని పాటల నాటకంగా వేసింది. ఆ సంస్థలో అందరూ ఆడవాళ్లే, మన రామ్‌నూ భీమ్‌నూ కూడా వాళ్లే వేశారు. మన బాపట్ల స్థానం నరసింహారావు గారు సత్యభామ వేస్తే చీరకట్టు చూడ్డానికి ఆడవాళ్లే వచ్చేవారని మా అమ్మ చెప్పేది. ఇది దానికి అటు తిరిగిన అద్దం. ఆ ఏడాది మార్చిలో రాజమౌళి గారు జపాన్ వెళ్తే, ఎనభై మూడేళ్ల ముసలమ్మ కాగితంతో వెయ్యి కొంగలు మడిచి ఆయనకిచ్చింది. వాళ్ల ఊళ్లో ఎవరో ఒకరు ఆవిణ్ని చూసి ‘ఈ వయసులో ఇదేం పిచ్చి’ అనే ఉంటారు.

కడప నుంచి ఒక తల్లి: మా వాడికి పద్నాలుగేళ్లు. నా ఫోన్లో తుపాకీ ఆట ఆడుతూ, తుపాకీకి రంగులు కొనడానికి నా ఖాతాలోంచి ఆరు వేల మూడు వందలు కట్టాడు. వాళ్ల నాన్నకు ఇంకా చెప్పలేదు. చాలా టెన్షన్‌గా ఉంది.

ఈ రోజే చేయాల్సినవి ముందు చెప్తానమ్మా. యూపీఐ పిన్ మార్చండి, వాడికి కనపడకుండా కొట్టండి. ఫోన్లో యాప్‌లు దించుకునే స్టోర్ ఉంటుంది కదా, అందులో సేవ్ చేసిన కార్డు తీసేయండి. ప్రతిసారీ పాస్‌వర్డ్ అడిగేలా సెట్టింగ్ పెట్టండి. పిల్లాడు తెలియక కొన్నాడని అక్కడే రీఫండ్ అడగొచ్చు. ఎంత త్వరగా అడిగితే అంత మంచిది, రేపటికి వాయిదా వేయకండి. తర్వాత ఆ ఆటలో వాడిచ్చిన పుట్టిన తేదీ చూడండి. బీజీఎంఐ అనే తుపాకీ ఆట 2023 మేలో తిరిగి వచ్చినప్పుడు పద్దెనిమిదేళ్ల లోపు వాళ్లకు రోజుకు మూడు గంటలే అని పరిమితి పెట్టారు. కానీ మా వీధిలో పిల్లలందరూ ఆ ఆటలో 1995లో పుట్టినవాళ్లే.

2025లో ఆన్‌లైన్ ఆటల మీద కేంద్రం చట్టం తెచ్చింది కదా, ఇదీ ఆగిపోతుంది కదా అని మీరు అడగొచ్చు. ఆ చట్టం ఆపింది డబ్బు పందెం పెట్టి డబ్బు గెలిచే ఆటలను. తుపాకీ రంగు కొంటే డబ్బు తిరిగి రాదు, కాబట్టి అది పందెం కిందికి రాదు. ఇక్కడ కాపలా మీరే.

పిల్లాణ్ని కొట్టొద్దు. ఎందుకంటే నేనే పడ్డాను ఆ గుంటలో. ఆట పేరు చెప్పను. అందులో మనకు కావాల్సిన బొమ్మ నేరుగా అమ్మరు, డబ్బు కట్టి చక్రం తిప్పితే వస్తే వస్తుంది, లేకపోతే లేదు. గాచా అంటారు. జపాన్‌లో నాణెం వేసి తిప్పితే గుండ్రటి డబ్బాలో బొమ్మ పడే మిషన్లుంటాయి, దాని పేరే దీనికొచ్చింది. నాకు తెల్ల జుట్టు మంత్రగత్తె కావాలి. యాభై, వంద, ఇంకో వంద అనుకుంటూ ఒక్క రాత్రి పందొమ్మిది వందలు పోశాను. మంత్రగత్తె రాలేదు. ఒకే గొడ్డలి పదకొండుసార్లు వచ్చింది. కోటప్పకొండ తిరునాళ్లలో రింగులాట దగ్గర మా ఆయన జేబు ఖాళీ చేస్తే నెలరోజులు దెప్పినదాన్ని, ఇది ఆయనకు ఇప్పటికీ చెప్పలేదు. ఈ పత్రిక ఆయన చదవడు.

కాబట్టి వాడి పక్కన కూర్చుని, ‘ఆ రంగేంటో చూపించరా’ అనండి. చూపిస్తాడు. ‘దీనితో గురి బాగా కుదురుతుందా?’ అని అడగండి. కుదరదు. వాడికీ తెలుసు. క్లాసులో పిల్లలు వాడి పాత తుపాకీ చూసి నవ్వి ఉంటారు. మన రోజుల్లో వాచీ, బూట్లు ఉండేవి కదా, అదే. వాళ్ల నాన్నకు మాత్రం వాడే చెప్పాలి, మీరు పక్కన ఉండండి.

కరీంనగర్, ఇంటర్ అబ్బాయి: రోజూ అనిమే హీరోలను గీస్తాను. బాగా గీస్తానని అందరూ అంటారు. దీంతో బతకొచ్చా? నాన్న ఎప్‌సెట్ రాయమంటున్నారు.

పంపిన బొమ్మలు చూశాను. ముఖాలు చక్కగా ఉన్నాయి. పన్నెండు బొమ్మల్లో తొమ్మిదింటికి చేతులు జేబుల్లో ఉన్నాయి, రెండింటికి వీపు వెనక. వేళ్లు గీయడం రాదు కదూ? నాకూ రాదు.

ఎప్‌సెట్ రాయి, పక్కనే ఇవీ రాయి. ఐఐటీ బాంబే జనవరిలో పెట్టే యూసీడ్ పరీక్షతో ఐఐటీ హైదరాబాద్‌లో డిజైన్ డిగ్రీ చదవొచ్చు. ఇంటర్ ఏ గ్రూపైనా ఫరవాలేదు. ఆంధ్రాలో ఎన్ఐడీ అనే డిజైన్ కాలేజీ ఉంది, దాని పరీక్ష వేరు. హైదరాబాద్ మాసబ్‌ట్యాంక్‌లో జేఎన్ఏఎఫ్ఏయూ అనే యూనివర్సిటీ ఉంది, అక్కడ యానిమేషన్‌లో బీఎఫ్ఏ డిగ్రీ చెప్తారు. ఈ పరీక్షల్లో నీ గోకూ బొమ్మ ఎవరికీ అక్కర్లేదు. బస్టాండులో కూర్చుని బస్సెక్కే జనాన్ని గియ్యి. సంచీ మోసే చెయ్యి, పిల్లను ఎత్తుకున్న నడుం, కండక్టరు నిలబడే తీరు. నెలకో పుస్తకం నిండాలి. ‘ఛోటా భీమ్’ పుట్టింది హైదరాబాద్‌లోనే, గ్రీన్ గోల్డ్ స్టూడియోలో, 2008లో. ఇలాంటి చోట్ల పని దొరికేది ముఖం బాగా గీసేవాడికి కాదు, చెప్పిన పాత్రను చెప్పిన కోణంలో చెప్పిన రోజుకు గీసి ఇచ్చేవాడికి.

అభిమానంతో గీసిన బొమ్మలు దాచుకో, పారేయకు. టోక్యోలో కామికెట్ అని అభిమానుల సంత జరుగుతుంది. 1975 డిసెంబరులో ముప్ఫై రెండు బృందాలు తాము గీసినవి పట్టుకొచ్చి కూర్చుంటే మొదలైంది. ఇప్పుడు ఏడాదికి రెండుసార్లు ఇసుక వేస్తే రాలనంత జనం. అక్కడ అమ్మేవి ఎక్కువగా అభిమానులు తామే కొత్తగా గీసినవి. నెట్‌లోంచి దించిన బొమ్మను టీషర్టు మీద అచ్చేసి అమ్మడం ఆ లెక్కలోకి రాదు. నీ ఉత్తరం చివర ఆ ఆలోచన కూడా రాశావు కాబట్టి చెప్తున్నా.

తెనాలి, ఏడో తరగతి పాప: ఇన్ని చెప్తారు, మీరెప్పుడైనా కాస్‌ప్లే చేశారా ఆంటీ?

చేశానమ్మా, ఒక్కసారి. పోయినసారి హైటెక్స్‌కు మా మేనకోడలితో వెళ్లినప్పుడు. విక్రమార్కుణ్ని. నాటకాల డ్రెస్సులు అద్దెకిచ్చే ఆయన దగ్గర కిరీటం, మీసం తెచ్చుకున్నా. కత్తి ఫోమ్‌దే. బేతాళుడికి రెండు పాత దిండ్లు, నావే ఆరు నేత చీరలు కుక్కి, జుట్టుకు జనపనార కట్టి, ముఖం మా మేనకోడలు వేసింది, చందమామలో బొమ్మ ముందు పెట్టుకుని. భుజాన వేసుకుంటే తొమ్మిది కిలోలు తూగింది. మీసం దురద వేరే.

గేటు దాటినప్పటి నుంచి నీ అంత పిల్లలు వెంటపడ్డారు. మధ్యాహ్నం మూడింటికి ఒక పిల్లాడు తిన్నగా ఎదురొచ్చి, “ఆంటీ, ఇది ఏ అనిమే?” అని అడిగాడు. చెప్పాలని నోటి దాకా వచ్చింది. కానీ విక్రమార్కుడు మౌనం వీడితే శవం ఎగిరి మళ్లీ చెట్టెక్కుతుంది కదా. ఆ దిండ్ల మూట రెండోసారి భుజానికెత్తే ఓపిక నాకు లేదు. అందుకని మీసం మెలేసి ఊరుకున్నా, మా మేనకోడలే చెప్పింది.